డ్రై డే పొట్లాలు

అక్టోబర్ రెండున ఢిల్లీలో చుక్క మందు అమ్మరు. డ్రై డే. ఏటా సరిగ్గా ఆ రోజే మేం ముగ్గురం, నేనూ శేషగిరీ యేసుకుమారూ, మయూర్ విహార్‌లో యేసు వాళ్ళమ్మ అన్నమ్మ ఆంటీ ఇంట్లో కూర్చుని, సొంతంగా బీరు కాచుకోవడానికి కావలసిన మాల్ట్ పొడిని పొట్లాలు కట్టుకుంటాం. గాంధీగారి మీద మాకెవరికీ కక్ష లేదు. ముగ్గురికీ ఒకేసారి సెలవు కుదిరే రోజు అదొక్కటే. పైగా అప్పటికి వానలు వెళ్ళిపోయి ఉంటాయి, దీపావళి పొగ ఇంకా దిగి ఉండదు. ఏడాది మొత్తంలో ఢిల్లీ గాలి పొడిగా, మర్యాదగా ఉండే నాలుగు రోజులూ అవే.

ఆ సరుక్కి కావలసింది పొడి గాలే. మొలకెత్తించిన బార్లీని ఉడకబెట్టి, ఆ తీపి రసాన్ని ఆరబెట్టి చేసే పొడి అది. చూడటానికి పాలపొడిలా అమాయకంగా ఉంటుంది. తడి తగిలిందా, చేతికి పాకంలా అంటుకుంటుంది. ఆ పాకం ఆరిందా, సుత్తి కావాలి. చిన్న ప్యాకెట్లు కొంటే జేబుకు చిల్లు. పెద్ద బస్తా కొంటే, మూతి విప్పిన క్షణం నుంచీ అది గాలిలోని తడిని పీలుస్తూనే ఉంటుంది. అందుకని బస్తా విప్పినవాళ్ళు ఆ పూటే, ఒక్క కూర్చోవడంలో, మొత్తం చిన్న పొట్లాలుగా కట్టి సీలు వేసెయ్యాలి. ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. నాకు ఆ పొడిలో నచ్చిన గుణం అదొక్కటే.

ఈసారి సెప్టెంబర్‌లో శేషగిరి ఫోన్ చేశాడు.

"సుధా, నాకు ముంబై ట్రాన్స్‌ఫర్ అయింది. నవంబర్ల పోతున్నం. ఈసారి బస్తా వద్దులే. ఒక్కసారికి ఎందుకు పరేషాన్?"

నాకు ఒళ్ళు మండింది. ట్రాన్స్‌ఫర్ చేసినవాడి మీద కాదు, 'ఒక్కసారికి' అన్నాడే, దాని మీద.

"ఆర్డర్ పెట్టేసినాను," అన్నాను.

పెట్టలేదు. అతను ఫోన్ పెట్టేశాక, కూర్చున్నచోటి నుంచి కదలకుండా అప్పుడు పెట్టాను.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి. నేను బీరు కాచి చాలా ఏళ్ళైంది. మాళవీయ నగర్‌లో నేనుండే అద్దె ఫ్లాట్‌లో, దివాన్ మంచం కింద, పాత పొట్లాలన్నీ హాయిగా నిద్రపోతున్నాయి. ఒక్కదాని సీలూ తెంపలేదు. సాకేత్‌లో ఆఫీసు ముగించుకుని వచ్చేసరికి నాకు చారు కాచుకునే ఓపికే ఉండదు, ఇక బీరు ఏం కాస్తాను? అయినా ఏటా వెళ్ళి, నా బీరు ఎంత బాగా కుదిరిందో కోతలు కోసి, కొత్త పొట్లాలు భుజాన వేసుకుని వస్తాను. మంచం కింద ఇంకో వరస పెరుగుతుంది.

ఎందుకంటారా? నన్ను కలెక్టర్ కాబోయే మనిషిగా చూసినవాళ్ళు ఈ భూమ్మీద ఆ ఇద్దరే మిగిలారు. ప్రొద్దుటూరులో మా ఇంట్లోవాళ్ళు కూడా ఆ సంగతి మర్చిపోయారు, లేదా నా మొహం చూసి మర్చిపోయినట్టు నటిస్తున్నారు. ఆఫీసులో నేను సుధా మ్యామ్‌ని, ఎవరో రాసిన ఇంగ్లీషు రిపోర్టుల్లో కామాలు సరిచేసే మనిషిని. ఆ ఇద్దరి దగ్గర మాత్రం సాయిసుధని. శేషగిరి ముంబై వెళ్తే వెళ్ళనీ, బస్తా ఉంటే ఏడాదికోసారి రావలసిందే. బస్తా లేకపోతే ఎందుకొస్తాడు? ఊరికే కలుద్దామంటే ఢిల్లీలో ఎవరూ ఎవర్నీ కలవరు. "ఎప్పుడైనా కలుద్దాం" అంటారు. ఆ ఎప్పుడైనా అనే రోజు ఏ క్యాలెండర్‌లోనూ ఉండదు.

మొదటి బీరు కాచింది కరోల్ బాగ్ పక్కన, ఒక ఇంటి డాబా మీది గదిలో. ఢిల్లీవాళ్ళు దాన్ని బర్సాతీ అంటారు. వానాకాలంలో నిజంగానే వాన లోపలికి వచ్చేది, ఆ పేరుకు న్యాయం చేస్తూ. ఆ గదిలో శేషగిరి, యేసుకుమార్ ఉండేవాళ్ళు. నేను రెండు వీధుల అవతల లేడీస్ హాస్టల్లో ఉండి, పగలంతా అక్కడికొచ్చి చదివేదాన్ని. శేషగిరిది వరంగల్. యేసు పుట్టింది బాపట్ల, పెరిగింది ఢిల్లీ. మేం ముగ్గురం మాట్లాడుకుంటే మూడు తెలుగులు, మధ్యలో యేసు హిందీ. నీ మాట నాకర్థం కాలేదంటే నీ మాట నాకర్థం కాలేదని రోజూ పోట్లాట. ఆదివారం మాత్రం పోట్లాటలుండేవి కావు. బస్సెక్కి అశోకా రోడ్‌కి వెళ్ళి ఆంధ్రా భోజనం తినేవాళ్ళం. శేషగిరి గోంగూర ఎన్నిసార్లు అడిగేవాడంటే, వడ్డించేవాళ్ళు మా బల్ల వైపు రావడానికి జంకేవాళ్ళు.

సివిల్స్‌లో మా ఆఖరి ప్రయత్నం ఫలితాలు వచ్చాయి. ముగ్గురిలో ఒక్కరం కూడా లేము. రెండు రోజులు ఎవరూ ఎవరితో మాట్లాడలేదు. మూడో రోజు శేషగిరి లేచి, పాత నీళ్ళ క్యాన్ ఒకటి వేడినీళ్ళతో కడగడం మొదలుపెట్టాడు. అతని ఆప్షనల్ కెమిస్ట్రీ.

"ఇంత చదివినం. ఎక్కడన్న పనికి రావాలె కదా," అన్నాడు.

ఎక్కడెక్కడో తిరిగి మాల్ట్ పొడి, బీరుకు చేదునిచ్చే హాప్స్ పూలు, ఈస్టు తెచ్చాడు. రాజ్యాంగాన్ని ముందు నుంచి వెనక్కీ వెనక నుంచి ముందుకీ అప్పజెప్పగల ముగ్గురం, ఇంట్లో బీరు కాయడం గురించి చట్టం ఏమంటుందో మాత్రం చూడలేదు. చూస్తే మానెయ్యాల్సి వస్తుందని భయం. ఒక మధ్యాహ్నం ఎండకు ఒక సీసా పేలింది. కింద ఉండే ఇంటి యజమాని చోప్డా అంకుల్, గ్యాస్ బండ పేలిందనుకుని, "సిలిండర్ ఫటా క్యా?" అని అరుస్తూ మెట్లెక్కి వచ్చాడు. యేసు తాపీగా తల దువ్వుకుంటూ బయటికొచ్చి, ఊరగాయ జాడీ పగిలిందని చెప్పాడు. ఆంధ్రావాళ్ళ ఊరగాయ అంత ఘాటుగా ఉంటుందని ఆయన నమ్మేశాడు. అంతకుముందు నెలకోసారి అడిగే ఆవకాయ మళ్ళీ ఎప్పుడూ అడగలేదు.

ఆ బీరు కుంకుడుకాయ రసంలా ఉంది. ముగ్గురం డాబా గోడకు ఆనుకుని, స్టీలు గ్లాసులు పట్టుకుని, ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకుని పడీపడీ నవ్వాం. నవ్వుతూ నవ్వుతూ నేను ఏడ్చాను. ఆ ఇద్దరూ చూసీ చూడనట్టు ఊరుకున్నారు. ఆ తర్వాత పెద్ద పెద్ద చోట్ల, పేరున్న బీర్లు తాగాను. అంత మంచి బీరు మళ్ళీ తాగలేదు.

ఉద్యోగాలు దొరికి, ఆ గది ఖాళీ చేశాక, బస్తా ఎక్కడ విప్పాలన్నది పెద్ద సమస్య అయింది. యేసు వాళ్ళమ్మ అన్నమ్మ ఆంటీ అప్పుడే నర్సు ఉద్యోగం నుంచి రిటైరై, మయూర్ విహార్‌లో ఫ్లాట్‌కి మారింది. యేసు కూడా అక్కడే ఉంటాడు. అంత శుభ్రమైన ఇల్లు నేనెక్కడా చూడలేదు. కానీ ఆంటీ ఆదివారం రెండు పూటలా చర్చికి వెళ్ళే మనిషి. మందు వాసన వచ్చే మనిషి లిఫ్ట్‌లో ఉంటే మెట్లెక్కి పోతుంది. ఆ ఇంటికి బీరు సరుకా? ఇంకో చోటు దొరక్క, చివరికి బస్తా అక్కడికే మోశాం.

బస్తా దించగానే ఆంటీ కళ్ళజోడు సర్దుకుని దాని మీది పెద్దక్షరాలు చూసింది.

"ఏందిరా ఇది?"

"మాల్ట్ అమ్మా," అన్నాడు యేసు. అంతే అన్నాడు. అబద్ధం కాదు.

"మాల్టా!" ఆంటీ మొహం విప్పారింది. "మంచి పని చేశారు నాయనా. పిల్లల వార్డులో పాలల్లో కలిపి ఇచ్చేవాళ్ళం. మా అమ్మ రాగులు మొలకట్టి ఎండబెట్టి ఇసిరేది. చదువులు చదువులని ముగ్గురూ ఎముకలు తేలారు. ఇప్పటికన్నా బుద్ధొచ్చింది."

తెలుగు ఇంట్లో మాల్ట్ అంటే అదే కదా. పసిపిల్లలకు, బాలింతలకు, జ్వరం తగ్గినవాళ్ళకు ఇచ్చేది. ఆ మాట వినగానే ఆంటీకి బీరు గుర్తుకు రావడానికి దారే లేదు. దిద్దే ధైర్యం మాలో ఎవరికీ లేకపోయింది. ఆ రోజు నుంచీ మా బీరు ఆ ఇంట్లో మాల్ట్ అయింది.

పొట్లాల పెత్తనం కూడా ఆంటీదే అయింది. చేతులు సబ్బుతో కడుక్కుని, తుడుచుకుని, ఫ్యాను కింద ఆరబెట్టుకుని చూపిస్తే గానీ బస్తా దగ్గరికి రానిచ్చేది కాదు. ఆవకాయ జాడీ దగ్గర తడి చెయ్యి ఎంత నేరమో ఇక్కడా అంతే. నిండిన సంచిలో గాలంతా అరచేత్తో నొక్కి బయటికి పంపి సీలు వెయ్యాలి. మాత్రల సీసాల్లో వచ్చే తడి పీల్చే చిన్న సాచెట్లు ఏడాది పొడుగునా దాచిపెట్టి, పొట్లాలన్నిటినీ పెట్టే పెద్ద డబ్బాలో వేసేది. ఒక్కో పొట్లానికి ఆసుపత్రిలో గాయాలకు వేసే తెల్ల ప్లాస్టర్ ముక్క అతికించి, దాని మీద పెన్నుతో పేరూ తేదీ రాయించేది. పేరూ తేదీ లేని సీసా విషంతో సమానమట, వార్డులో. వచ్చేటప్పుడు ఆంటీకి ఒక పొట్లం ఇచ్చి వచ్చేవాళ్ళం, మా తప్పు కప్పిపుచ్చుకోవడానికన్నట్టు.

ఈ ఏడాది అక్టోబర్ రెండునే దసరా కూడా పడింది. పొద్దున్నుంచీ ఒకటే వాన. వెళ్ళిపోయిన వానాకాలం గొడుగు మర్చిపోయినట్టు వెనక్కి వచ్చింది. నేను మెట్రో దిగి నడుస్తుంటే, పార్కులో సాయంత్రం కాల్చడానికి నిలబెట్టిన రావణుడు తడిసి ముద్దయి, ఒక పక్క తలలన్నీ వేలాడేసుకుని ఉన్నాడు. ఆయన్ని చూస్తే నాకు జాలేసింది. నా పరిస్థితీ అదే.

శేషగిరి గురుగ్రామ్ నుంచి కారులో ఆలస్యంగా వచ్చాడు. చెప్పులు విప్పకుండా గుమ్మంలోనే నిలబడి హాల్లో ఉన్న బస్తా వైపు, కిటికీలోంచి కురుస్తున్న వాన వైపు చూశాడు.

"ఇయ్యాల విప్పితే మొత్తం ఖరాబైతది. వాపస్ పంపు సుధా."

గొంతులో కోపమేమీ లేదు. అదే నన్ను భయపెట్టింది. ఆకాశం కూడా ఇతని పార్టీలో చేరిపోయిందనుకున్నాను.

"మూడు దినాలాగి విప్పుదాము," అన్నాను.

"మూడు దినాలకు నేనెక్కడ ఖాళీ? ప్యాకింగ్ నడుస్తున్నది ఇంట్ల."

"వాపసేందయ్యా శేషగిరీ?" ఆంటీ వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. డెబ్బై దాటినా నడకలో ఇంకా వార్డు రౌండు తిరిగే వేగమే. "నా గదిలో ఏసీ వేస్తా. తలుపులు బిగించి కూచుంటే తడంతా అదే లాగేసుద్ది. పిచ్చి మొహాల్లారా, వానకి భయపడితే ఆసుపత్రులు నడుస్తయ్యా?"

ఆంటీ గదిలో మంచం గోడకు జరిపాం. తలుపు కింది సందులో తువ్వాలు కుక్కాం. ఏసీ చలికి ఆంటీ అందరికీ స్వెట్టర్లు పంచింది. నాకు యేసు కాలేజీ స్వెట్టర్ వచ్చింది, మోచేతుల దగ్గర చిరిగింది. బర్సాతీ గదిలో చలికాలం రాత్రుళ్ళు అతను అదే వేసుకునేవాడు. ముక్కులకు గుడ్డలు కట్టుకుని, బస్తా మూతి విప్పాం.

వాసన గుప్పున వచ్చింది. వేయించిన బార్లీ, ఎక్కడో కాస్త బెల్లం, ఎండబెట్టిన గడ్డి. ఆ వాసన తగలగానే నాకు కళ్ళ ముందు డాబా గోడ, ఆరేసిన లుంగీలు, చోప్డా అంకుల్ తల కనిపించాయి. నేను పొడి తోడుతున్నాను, యేసు తూకం, శేషగిరి గాలి నొక్కి సీలు, ఆంటీ ప్లాస్టర్లు. ఎవరి పని ఎవరిదో ఎవరూ చెప్పనక్కర్లేదు. సీలు వేసే మిషన్ చప్పుడు, పొడి జారే చప్పుడు. ఆ కాసేపూ ముంబై సంగతి నాకు గుర్తు రాలేదు.

అలవాటు ప్రకారం మా నాటకమూ మొదలైంది.

"పోయినేడుది ఎట్లున్నది యేసు?" అన్నాడు శేషగిరి. యేసు తన బీరు నోయిడాలో ఎవరో స్నేహితుడి ఇంట్లో కాస్తానని చెప్పేవాడు.

"మస్త్ థా భాయ్. కొంచెం చేదెక్కువైంది, అంతే."

"మాల్ట్ చేదేందిరా?" అంది ఆంటీ. "పాలు మాడ్చుంటావ్."

"నాది మాత్రం నురగ భలే వచ్చింది," అన్నాను నేను, సిగ్గు లేకుండా.

"నువ్వు బాగా తిరగ్గొడతావమ్మా, అందుకే," అంది ఆంటీ. శేషగిరి నవ్వాపుకోలేక గోడ వైపు తిరిగాడు.

సగం బస్తా అయ్యాక ఆంటీ లేచింది. "పాలు పొయ్యి మీద పెట్టొస్తా. యేసూ, అటక మీద ఆ పాత సూట్‌కేసు దించి చోటు చెయ్యి. డబ్బాలు పెట్టాలి."

యేసు మొహం తెల్లబోయింది. "వద్దమ్మా, నేను తర్వాత చూసుకుంటాలే."

"తర్వాతంటే క్రిస్మస్‌కా? శేషగిరీ, నువ్వు పొడుగ్గా ఉన్నావు, అందుకో నాయనా," అంటూ ఆంటీ వంటింట్లోకి వెళ్ళిపోయింది.

"భాయ్, రెహ్‌నే దో, వదిలెయ్, బరువుంటది," అంటూ యేసు అడ్డం పడేలోపు శేషగిరి స్టూలెక్కి సూట్‌కేసు పట్టి లాగాడు. పాత జిప్పు ఊడిపోయింది. పొట్లాలు నేల మీద పడ్డాయి. ఇటుకలు పడ్డట్టు చప్పుడు. మా పొట్లాలే. తెల్ల ప్లాస్టర్ల మీద యేసు రాత, ఏ ఏడుకాయేడు. ఒక్కటీ విప్పలేదు.

నాకు ఎక్కడ లేని రోషం వచ్చింది. "ఏమ్‌రా ఇది? ఇన్నేండ్లు మాతో అబద్ధాలు చెప్తాండావా? చేదెక్కువైందంట చేదు! నోయిడా ఫ్రెండంట! సిగ్గుండాల్నా వద్దా?"

నా మంచం కింద ఏముందో మర్చిపోయి తిట్టాను. మనిషికి అంత ధర్మాగ్రహం తప్పు లేనప్పుడు రాదు.

శేషగిరి మెల్లగా స్టూలు దిగాడు. "తిట్టకు సుధా. నావి గూడ గట్లనే ఉన్నయి. మొన్న ప్యాకింగ్ చేసేటప్పుడు మా ఆమె అడిగింది, ఈ రాళ్ళు ముంబై ఎందుకని. నాకు ఏం చెప్పాల్నో తెల్వలే."

ఇద్దరూ నా వైపు తిరిగారు. నేను కిటికీ వైపు చూశాను. కిటికీకి పరదా వేసి ఉంది.

"నీవి?" అన్నాడు యేసు.

"మంచం కింద."

ముందు యేసు పగలబడ్డాడు. తర్వాత శేషగిరి. గుడ్డ మూతికే ఉండగా నవ్వితే దగ్గొచ్చి, ముగ్గురం నేల మీద కూలబడి, ఆ రాళ్ళ మధ్య దొర్లాం. డాబా మీద నవ్విన తర్వాత మళ్ళీ అలా నవ్వింది ఆ రోజే. నవ్వు అయిపోయింది. ఏసీ చప్పుడు మాత్రం మిగిలింది.

"మరి ఈ బస్తా ఎందుకు తెప్పించినవ్?" అన్నాడు శేషగిరి.

తప్పించుకోవడానికి నా దగ్గర ఇంకో అబద్ధం లేదు. "మీరొస్తారని," అన్నాను. "ఇది లేకుంటే నువ్వు మళ్ళా రావు. నాకు తెల్సు."

అతను ఊడిన జిప్పును వేళ్ళతో సర్దుతూ కూర్చున్నాడు. నేను చెప్పింది కాదనలేదు. నాకు నిజంగా భయమేసింది. ఇంతకాలం ఎవరికి వాళ్ళం మోసిన ఒక్క సాకు, ముగ్గురి కళ్ళ ముందూ నేల మీద పడి ఉంది. దాన్ని మళ్ళీ సూట్‌కేసులో పెట్టలేం. వచ్చే ఏడాది ఎవరు ఎవరికి ఏమని ఫోన్ చేస్తారు? యేసు పొట్లాలు ఏరడం మొదలుపెట్టి, ఎక్కడ పెట్టాలో తోచక చేత్తో పట్టుకుని కూర్చున్నాడు.

తలుపు తోసుకుని ఆంటీ వచ్చింది, ట్రేలో నాలుగు గ్లాసులతో. "తడి లోపలికొస్తది, తలుపెయ్యి," అని మామూలుగా అనబోయి, నేల వైపు చూసి ఆగింది.

"ఏందియ్యన్నీ?"

ఆంటీ ట్రే మంచం మీద పెట్టి, వంగి ఒక పొట్లం తీసుకుంది. ప్లాస్టర్ మీది తేదీ చదివింది. ఇంకోటి తీసుకుని చదివింది.

"ఇయ్యన్నీ నేనతికించిన ప్లాస్టర్లే. ఒక్కటీ తాగలా?"

"లేదమ్మా," అన్నాడు యేసు.

"నువ్వూ?" శేషగిరి తల అడ్డంగా ఊపాడు. "సుధా, నువ్వు?"

"లేదాంటీ."

ఇక అయిపోయాం అనుకున్నాను. బీరు మాట ఇప్పుడు బయటపడక తప్పదు. ఆంటీ మంచం అంచున కూర్చుని, కళ్ళజోడు తీసి చీర చెంగుతో తుడుచుకుంది.

"నాకు అనుమానంగానే ఉండేది. నా పొట్లం అయిపోయినప్పుడల్లా వీడు ఎక్కణ్ణించో ఇంకోటి తెచ్చేవాడు. షాపులో కొన్నానమ్మా అనేవాడు. ఏ షాపులో ఇస్తారు నా ప్లాస్టర్ పీకిన గుర్తున్న సంచి? ఇన్నేళ్ళూ నాకోసం కడతన్నారన్నమాట. ఊరికే ఇస్తే ఈ ముసల్ది తీసుకోదని, మాక్కూడా కావాలని అబద్ధమాడి."

యేసు చేతిలోని పొట్లం కింద పెట్టేశాడు.

"మొన్న చర్చిలో ఎల్సా అడిగింది. నీకు యేసు ఒక్కడేగా అన్నమ్మా, ఏటా వచ్చే ఆ పిల్లలెవరూ అని. నా పిల్లలే, నాకు మాల్ట్ కట్టిపెట్టడానికి వస్తారని చెప్పా. చెప్పినాక భయమేసింది, గొప్పకి పోయి అబద్ధమాడానేమోనని. కాదన్నమాట." ఆంటీ కళ్ళజోడు పెట్టుకుంది. "పాలు చల్లారిపోతన్నయ్. తాగండి."

మొదటిసారి 'మాల్ట్ అమ్మా' అన్నప్పుడు మేం నోరు మూసుకున్నది భయపడి. ఈసారి మూసుకున్నది అందుకు కాదు. యేసు తల వంచుకుని ముక్కు ఎగబీల్చాడు. శేషగిరి ఒక పొట్లాన్ని నేలకేసి తట్టి చూశాడు.

"ఆంటీ, ఇవన్ని రాళ్ళైనయి కదా. ఇప్పుడు పనికొస్తయా?"

"రాయైతే ఏమైంది? నాలుగు దెబ్బలేసి దంచితే పొడే. దంచకపోయినా వేడిపాలల్లో వేస్తే కరగదా ఏంది? ఇప్పుడు ఈ గ్లాసుల్లో కలిపింది పోయినేటిదే."

గ్లాసు మూతికి పెట్టుకున్నాను. ఇన్నేళ్ళు మోసిన సరుకు రుచి నాకు తెలియదని అప్పుడు తెలిసింది. తియ్యగా, కమ్మగా, కాస్త వేపుడు వాసనతో ఉంది. గొంతు దిగుతుంటే ఒంట్లో చలి పోయింది. శేషగిరి గ్లాసు అడుగున మిగిలింది కూడా వేలితో తీసుకుని నాకాడు, అశోకా రోడ్‌లో గోంగూర నాకినట్టు.

మిగిలిన సగం బస్తా కట్టడానికి మళ్ళీ కూర్చున్నాం. ఈసారి ఎవరూ నురగ గురించి మాట్లాడలేదు. అన్నీ అయ్యాక ఆంటీ ఎప్పటిలాగే పొట్లాలు మూడు కుప్పలు పోసి, తనకొకటి పక్కన పెట్టుకుంది. శేషగిరి వంతు అతని ముందుకు తోసింది.

శేషగిరి దాన్ని వెనక్కి తోశాడు.

"ఆంటీ, ముంబైల గాలంతా తడే. సముద్రం పక్కన. ఇది అక్కడికి తీస్కపోతే వారంల రాయైతది. నా వంతు మీ దగ్గరే ఉండనియ్యండి. నేనే వచ్చి తీస్కపోత."

ఆ మాటలు ఆంటీకి చెబుతూ నా వైపు చూశాడు. నేను స్వెట్టర్ చేతితో మొహం తుడుచుకున్నాను. పొడి కళ్ళలో పడిందని అందామనుకున్నాను గానీ, అక్కడ ఎవరూ అడగలేదు.

"నాదీ ఇక్కడే ఉంచుకోండాంటీ," అన్నాను. "మా మంచం కింద చోటు లేదు."

"ఉంచుకుంటా. తాగేస్తా కూడా, నన్నడగొద్దు," అంది ఆంటీ. ప్లాస్టర్ ముక్క చింపి, శేషగిరి కుప్ప మీద అతికించి, నా చేతికి పెన్ను ఇచ్చింది. "పేరు రాయి. ఎప్పుడు తీసుకుపోతాడో కూడా రాయి. తేదీ లేకుండా నా ఇంట్లో ఏదీ ఉండదు."

"ఏం రాయాల?" అని శేషగిరిని అడిగాను.

"డ్రై డే అని రాయి," అన్నాడు.

ప్లాస్టర్ మీద పెన్ను సరిగ్గా పడదు. రెండోసారి గట్టిగా ఒత్తి రాశాను.